కిట్లకు పద్దు ఉంది, కుళాయికి లేదు: శ్రీకాకుళంలో ఒక కాలనీ కూరగాయల తోట

శ్రీకాకుళం పట్టణంలో బలగ వైపు ఒక కాలనీ. లేఅవుట్ వేసినప్పుడు పార్కుకని వదిలిన ఎనిమిది సెంట్ల ముక్క. అందులో ఇప్పుడు ఇరవై నాలుగు మడులు ఉన్నాయి. ఇరవై కుటుంబాలు తలో మడి చూసుకుంటాయి, మిగతా నాలుగూ ఉమ్మడి. నేను హార్టికల్చర్ చదువుకున్నాను, పొదుపు సంఘాల ఆడవాళ్లతో పెరటి తోటల పని చేస్తుంటాను. ఈ తోటకు మొదటి నుంచీ సాంకేతిక సలహా నాదే. తోటకిది నాలుగో ఏడు.

చూడ్డానికి వచ్చేవాళ్లందరూ ముందుగా అడిగేది ఒకటే: "ఎంత సబ్సిడీ వచ్చిందండీ?" వచ్చింది కొంచెమే, ఆ వచ్చింది కూడా పెద్దగా పనికి రాలేదు. తోట నిలబడడానికి పనికొచ్చినవి మూడు: స్థలం వాడుకోవచ్చని రాసిచ్చిన ఒక కాగితం, అరంగుళం పైపులో వచ్చే నీళ్లు, ఏటేటా మంచి ఎరువు. పురపాలక సంస్థకు ఈ మూడూ దాదాపు ఉచితం. కానీ బడ్జెట్లో వీటికి పద్దు ఉండదు. విత్తనాల కిట్లకు ఉంటుంది. ఈ రాతంతా ఆ తేడా గురించే.

ముందు స్థలం సంగతి. మన లేఅవుట్ నిబంధనల ప్రకారం మొత్తం విస్తీర్ణంలో కనీసం పది శాతం ఖాళీగా వదిలి, దాన్ని స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. కాగితం మీద అది పార్కు. నేల మీద చూస్తే సర్కారు తుమ్మ, వయ్యారిభామ, చుట్టుపక్కల ఇళ్లు కట్టినవాళ్లు పారబోసిన పెళ్లలు, వాటి మధ్య పందులు. ఇలాంటి ముక్క ఒకటైనా లేని కాలనీ ఈ ఊళ్లో నేను చూడలేదు. శుభ్రం చేయించిన ప్రతిసారీ రెండు వానలకే మళ్లీ మామూలే.

అక్కడ కూరగాయలు వేస్తామంటే అధికారులకు వచ్చే అనుమానం న్యాయమైనదే. పార్కు అందరిది. ఇరవై కుటుంబాలు వంకాయలు కోసుకుంటే అది సొంత వాడకం అవదా? పార్కుకని కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి ఇవ్వడం చెల్లదని 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు చదివిన ఏ అధికారైనా పార్కు ఫైలు మీద సంతకం పెట్టేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ఆలోచించాలి కూడా. కాబట్టి ఆ అనుమానానికి జవాబు తోట నక్షాలోనే ఉండేలా చూశాం. గేటుకి తాళం లేదు. చుట్టూ నడవడానికి దారి, రెండు సిమెంటు బల్లలు, ఉన్న వేపచెట్టు ఉన్నచోటే. పక్కా కట్టడం ఏదీ లేదు. మడి మీద ఎవరి పేరూ ఉండదు, నంబరు మాత్రమే. ఒప్పందాన్ని లీజు అనలేదు, స్థలం నిర్వహణ ఒప్పందం అన్నాం. పొద్దున్నే నడకకొచ్చే పెద్దవాళ్లు తోట చుట్టూ తిరుగుతుంటే, అది పార్కు కాదని ఎవరూ అనలేరు.

శ్రీకాకుళం 2015లో కార్పొరేషన్ అయింది. పాలకవర్గం గడువు మాత్రం 2010లోనే ముగిసింది. 2021లో రాష్ట్రంలో పురపాలక ఎన్నికలు జరిగినప్పుడు కూడా ఇక్కడ జరగలేదు. అంటే పట్టుకుని తిరగడానికి కార్పొరేటర్ లేడు, తీర్మానాలన్నీ ప్రత్యేకాధికారి చేతుల మీదుగానే. దీనివల్ల మేలూ ఉంది, కీడూ ఉంది. ఒక్క అధికారికి నచ్చితే పని అయిపోతుంది. ఆ అధికారికి బదిలీ అయితే తోట ఎందుకు పుట్టిందో చెప్పేవాళ్లే ఉండరు. అందుకని మొదటి రోజు నుంచీ పొదుపు సంఘం మినిట్స్ పుస్తకంలోనే తోట సంగతులూ రాయించాం. వార్డు సచివాలయంలో అమెనిటీస్ సెక్రటరీ దగ్గర ఒక కాపీ, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా రిసోర్స్ పర్సన్ దగ్గర ఒక కాపీ, ఫోటోలతో సహా. కొత్త అధికారి వచ్చిన ప్రతిసారీ ఆ పుస్తకం పట్టుకుని ముగ్గురు ఆడవాళ్లు వెళ్తారు. నేను వెళ్లను. నేను వెళ్తే అది నా ప్రాజెక్టులా కనబడుతుంది.

ఒప్పందం పదకొండు నెలలకు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ గొడవ కనుక అద్దె ఇంటి కాగితాలకున్న అలవాటే దీనికీ వచ్చింది. తోటలో ఏం పండాలో కూడా ఆ పదకొండు నెలలే తేలుస్తాయి. అరటి పిలక నాటితే గెల దిగడానికి ఏడాది పడుతుంది. కరివేపాకు నిలదొక్కుకోవడానికి రెండేళ్లు. వచ్చే ఏడు ఉంటామో లేదో తెలియనివాళ్లు తోటకూర చల్లుతారు గాని మునగ నాటరు. ఇక్కడ మొదటి రెండేళ్లూ చెట్టన్నది పడలేదు. మూడోసారి రెన్యువల్ అయ్యాకే ఒకామె ఇంట్లోంచి కరివేపాకు మొక్క తెచ్చి గేటు పక్కన పెట్టింది.

ఇక నేల. మొదటి గునపం దెబ్బకే ఖంగుమంది. జానెడు లోతులో ఇటుక ముక్కలు, టైల్స్ పెంకులు, ఒకచోట వానకు తడిసి గట్టిపడిన సిమెంటు బస్తా, సంచి కుట్లతో సహా అచ్చుగుద్దినట్టు. మన ప్రాంతం ఎర్ర నేలలు నిజానికి కూరగాయలకు మంచివే. కానీ సిమెంటూ సున్నమూ కలిస్తే నేల క్షారం వైపు వెళ్లిపోతుంది. అప్పుడు నేలలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. లేత ఆకులు పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. అది చూసి నత్రజని లోపం అనుకుని యూరియా చల్లేవాళ్లు చాలామంది. నత్రజని తగ్గితే ముదురాకులు ముందు పండుతాయి, లేతవి కాదు.

భూసార పరీక్ష చేయించాం. ఇక్కడ ఒక సంగతి తోటలు వేసేవాళ్లందరూ తెలుసుకోవాలి. ప్రభుత్వం ఇచ్చే భూసార కార్డులో పన్నెండు అంశాలుంటాయి: ఉదజని సూచిక (పీహెచ్), లవణాలు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. పల్లెలో పొలానికి ఇది చాలు. పట్నంలో ఖాళీ స్థలానికి చాలదు, ఎందుకంటే సీసం, కాడ్మియం అందులో లేవు. మా స్థలంలో ఒక మూల ఒకప్పుడు వెల్డింగూ పెయింటింగూ చేసే షెడ్డు ఉండేదని కాలనీ పెద్దలు చెప్పారు. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు ఏ రంగులు గీకారో, ఆ పొడి ఎక్కడ పడిందో ఎవరికి తెలుసు? సీసం పరీక్ష ఖరీదైన వ్యవహారం. కాబట్టి ఆ మూల మడులే వేయలేదు. బల్లలు అక్కడే పెట్టించి, చుట్టూ మందార, బంతి నాటాం. మిగతా చోట పాత నేల జోలికి పోకుండా అడుగు ఎత్తు మడులు కట్టాం. రోడ్డు పక్క వరుసలో ఆకుకూరలు, దుంపలు వేయొద్దన్నాం. అక్కడ బెండ, వంగ, పాదులు. కాయల్లోకి సీసం చేరేది తక్కువ. దుమ్ము పట్టేది ఆకులకు, మట్టి అంటేది దుంపలకు.

ఖర్చంతా ఈ మట్టి దగ్గరే. మడి నాలుగడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. నాలుగడుగులే ఎందుకంటే రెండు పక్కల నుంచీ చెయ్యి అందాలి, మడిలో కాలు పెట్టకూడదు. అలాంటివి ఇరవై నాలుగు, అడుగు ఎత్తున నింపాలంటే పదకొండు వందల యాభై ఘనపుటడుగుల పైమాట. ట్రాక్టరు తొట్టెకి వంద అనుకున్నా పన్నెండు ట్రిప్పులు. చెరువు మట్టి రెండు పాళ్లు, గత్తం (మాగిన పశువుల ఎరువు) ఒక పాలు. ఈ లెక్క ముందుగా వేసుకోకుండా "పాతిక కుటుంబాలు, పాతిక మడులు" అని రిబ్బను కత్తిరించిన చోట్ల ఆ మడుల ఎత్తు నాలుగంగుళాలకు మించి నేను చూడలేదు. వాటిలో ఆకుకూర వస్తుంది, అంతకు మించి ఏమీ రాదు.

రెండో ఏడు నుంచి పట్టణంలో తడి చెత్తతో చేసిన కంపోస్టు వాడుతున్నాం. పురపాలక సంస్థ నిజంగా గర్వంగా ఇవ్వగలిగిన ఎరువు ఇదే, ఎందుకంటే చెత్త ఊరిది, ఎరువు ఊరిదే. అయితే కళ్లు మూసుకుని తీసుకోకూడదు. నగర కంపోస్టుకు కేంద్ర ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో ప్రమాణాలున్నాయి: కర్బన నత్రజని నిష్పత్తి 20 లోపు, సీసం కిలోకి 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు మించకూడదు. టెస్ట్ రిపోర్టు అడగండి. లేకపోతే ఆ ఎరువు పూలమొక్కలకు, నీడ చెట్లకు వాడుకోండి, ఆకుకూరలకు మాత్రం వద్దు. వచ్చిన లోడులో షాంపూ ప్యాకెట్ల ముక్కలు, పిన్నులు తప్పవు కాబట్టి అరంగుళం జల్లెడ పట్టాల్సిందే. మాగిందో లేదో చూడ్డానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. పిడికెడు కంపోస్టు తడిపి ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి రెండు రోజులు ఉంచండి. విప్పితే మట్టి వాసన రావాలి. ముక్కు పట్టుకోవాల్సి వస్తే ఇంకా మాగలేదన్నమాట. తర్వాత ఒక కుండీలో అందులోనే పెసలు వేయండి. మొలక తెల్లగా, నిటారుగా వస్తే మడికి వేయొచ్చు.

జీవామృతం కూడా వాడతాం. రెండు వందల లీటర్ల డ్రమ్ము నీళ్లలో పది కిలోల ఆవుపేడ, అయిదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు మంచి మట్టి, పూటకోసారి కలుపుతూ రెండు రోజులు. రాష్ట్రంలో 2016 నుంచి ప్రకృతి సాగు కార్యక్రమం నడుస్తోంది కాబట్టి పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లకు ఇది కొట్టిన పిండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కనుక డ్రమ్ము నింపి ఒక రోజు వదిలేశాకే పేడ కలపమంటాను. జీవామృతం మీద నాకు గౌరవమే కాని, దాని గురించి చెప్పే గొప్పలు కాస్త ఎక్కువ. మట్టిలో గత్తం లేని మడికి డ్రమ్ములకు డ్రమ్ములు పోసినా కాయ నిలవదు. పైగా పట్నంలో వాసన ఒకటి. డ్రమ్ము గాలివాటాన ఎదురింటివాళ్ల కిటికీకి తగిలితే మరుసటి రోజే ఫిర్యాదు. వేపచెట్టు కిందికి మార్చి, గోనెసంచి తడిపి కప్పాకే ఆ గొడవ సద్దుమణిగింది.

అసలు టెన్షన్ అంతా నీళ్లది. ముందు లెక్క చూద్దాం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే సరిగ్గా ఒక లీటరు. మా మడులన్నీ కలిపి 107 చదరపు మీటర్లు. ఎండాకాలంలో కూరగాయలకు రోజుకి అయిదారు మిల్లీమీటర్లు కావాలి. అంటే రోజుకి 535 నుంచి 640 లీటర్లు. దీనికి ఊళ్లో వినబడే సలహాలు మూడు.

ఒకటి, వాన నీళ్లు పట్టుకోండి. శ్రీకాకుళానికి ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైనే వాన పడుతుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద అది లక్ష లీటర్లు, నష్టాలు పోను ఎనభై వేలు. వినడానికి బాగుంది. కానీ ఆ వానంతా జూన్ నుంచి నవంబరు దాకా కురుస్తుంది, మనకు కావాల్సింది మార్చి నుంచి మే దాకా. ఎనభై వేల లీటర్లు దాచే తొట్టె కట్టే డబ్బుతో ఇలాంటి తోటలు రెండు వేసుకోవచ్చు. పక్కనున్న కమ్యూనిటీ హాలు డాబా నీళ్లు వెయ్యి లీటర్ల సింటెక్స్‌లోకి మళ్లించాం. వానకీ వానకీ మధ్య పది రోజుల ఎడం వస్తే అవి ఆదుకుంటాయి, వేసవిని గట్టెక్కించవు.

రెండు, మంచినీళ్ల ప్లాంటులో పారబోసే వేస్టు నీళ్లు. ఆర్వో వదిలేది ఉప్పు గాఢత పెరిగిన నీరు. చిక్కుడు జాతికి ఉప్పు అస్సలు పడదు, వంగ, బెండ కూడా ఓర్చుకోలేవు. ఆకు అంచులు మాడి, నేల పైన తెల్లటి పొర కడుతుంది. దారి కడగడానికి వాడుకోండి.

మూడు, పక్కన పారే మురుగు కాలువ. దీనికి మాత్రం ఒప్పుకునేది లేదు. ఆ నీళ్లు పెడితే తోటకూర నిగనిగలాడుతుంది, నిజమే. ఆ నిగనిగతో పాటు ఏలికపాముల గుడ్లు కూడా ఇంటికొస్తాయి.

మిగిలింది కుళాయి. కనెక్షన్ అంటే ఇంటికో వ్యాపారానికో ఇస్తారు. తోట ఇల్లు కాదు, దుకాణమూ కాదు. ఆ ప్రశ్న దగ్గరే చాలా ఫైళ్లు ఆగిపోతాయి. మాకు దారి చూపింది సచివాలయంలో ఒక చిన్న ఉద్యోగి. కమ్యూనిటీ హాలుకి ముందే ఉన్న కనెక్షన్ నుంచి అరంగుళం పైపు లాగి, మీటరు పెట్టి, బిల్లు పొదుపు సంఘం కట్టేలా రాసుకోమని ఆయనే చెప్పాడు. కొత్త కనెక్షన్ కాదు కాబట్టి కొత్త పద్దు అక్కర్లేదు. తెల్లవారి నీళ్లు వదిలే వేళ సింటెక్స్ నింపుకుంటాం. ట్యాంకు నాలుగడుగుల దిమ్మ మీద ఉంది కనుక మోటారు లేకుండానే డ్రిప్పు పైపుల్లోకి దిగుతుంది. తాగే నీళ్లు మొక్కలకు పోస్తారా అన్న మాట కాలనీలోనే వచ్చింది. రావాలి. దానికి జవాబుగా ఎండాకాలంలో సగం మడులు కూరగాయలు వేయకుండా ఖాళీ పెట్టేస్తాం. ఏప్రిల్ వానజల్లు పడితే వాటిలో జనుము చల్లి, ఎదిగాక కోసి మిగతా మడుల మీద పరుస్తాం. నీళ్ల వాడకం సగానికి సగం తగ్గుతుంది, నేలా చల్లగా ఉంటుంది.

మనుషుల దగ్గరికొద్దాం. ఈ కాలనీలో సగం మంది గార, ఎచ్చెర్ల, పొందూరు, నరసన్నపేట వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్లే. వాళ్లకు నేను సాగు నేర్పేదేమీ లేదు. ఆనప గింజను రాత్రి నానేసి మొన కిందికి గుచ్చే పెద్దామె, నా డిప్లొమా పుస్తకాల్లో లేనివి చాలా చేస్తుంది. వంగ మీద పేనుబంకకు బూడిద చల్లాలంటుంది. ఇప్పుడు కాలనీలో కట్టెల పొయ్యి ఎక్కడుంది? వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర బొగ్గు బూడిద పట్టుకొస్తుంది. ఆకు మీద చల్లితే పర్వాలేదు, మడిలో మాత్రం కలపకు, నేల ముందే క్షారం అని నేను చెబితే, "ఆకు మీదది వానకి మడిలోకే కదా దిగతాది బాబూ" అంది. దిగుతుంది. కొంచెం చల్లమన్నాను.

సొంత మడులతో గొడవ రాలేదు. వచ్చిందంతా ఉమ్మడి పందిరితోనే. గోగుపుల్లలు, జీఐ పైపులతో వేసిన పందిరికి ఆనప, బీర పాకించాం. వంతుల ప్రకారం రోజుకి రెండు కుటుంబాలు కోసుకోవాలి. ఒక మంగళవారం ఇద్దరి మధ్య మాట పెరిగింది.

"అప్పా, పెద్దకాయలన్నీ నీ వంతుకే వస్తన్నాయేటి?"

"కాయకేటి తెల్సు, ఎవల వంతో! నీ వంతు నాడు నువ్వు పిందెలు కోసీసినావు, మరి నాకు పెద్దవి మిగలవా?"

రెండో ఆమె మాటలోనే పరిష్కారం ఉంది. వంతు రోజు దొరికింది కోసుకోవడం వల్ల అందరూ లేతవి తెంపేస్తున్నారు, రేపు ఇంకొకరు కోసేస్తారన్న భయంతో. ఆనపకాయ గోరు దిగే లేతగా ఉన్నప్పుడే కోయాలి గాని, పిందె కోస్తే పాదుకి నష్టం లేకపోయినా బరువు పోతుంది. వంతులు తీసేశాం. వారానికి రెండు రోజులు అందరి ముందూ కోసి, తూకం వేసి పంచుతున్నారు. తక్కెడ ఒకటి కొనాల్సి వచ్చింది. ఈ తోటలో నేను చూసిన అత్యుత్తమ పెట్టుబడి ఆ తక్కెడ.

అమ్మకం పెట్టుకోలేదు. మిగిలింది ఏదైనా ఉంటే కాలనీ అంగన్‌వాడీకి వెళ్తుంది. అమ్మితే నాలుగు డబ్బులు వచ్చేవి, కానీ పార్కు స్థలంలో వ్యాపారం అన్న మాట ఫైల్లోకి వచ్చేది. రైతుబజారులు 1999 నుంచీ ఉన్నాయి, కూరగాయలు అక్కడ చౌక. అయిదారు కిలోల వంకాయల కోసం ఒప్పందాన్ని ప్రమాదంలో పడేయక్కర్లేదు. ఆడవాళ్లు అడిగే ప్రశ్న వేరే ఉంది: "ఊళ్లో మా చెల్లికి ఉపాధి హామీలో పనికి కూలి వస్తాది, మాకెందుకు రాదు?" ఆ పథకం పల్లెలకే. పట్నంలో ఖాళీ స్థలం బాగుచేసిన చెమటకు కూలి ఇచ్చే పద్దు లేదు. కేరళ 2010లోనే పట్టణాలకు అలాంటి పథకం పెట్టుకుంది.

కిట్ల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. ఎవరిచ్చారన్నది అనవసరం, ఇలాంటివి ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. ప్లాస్టిక్ గ్రో బ్యాగులు, కొబ్బరిపొట్టు ఇటుకలు, విత్తనాల ప్యాకెట్లు. ప్యాకెట్లలో క్యారెట్, బీట్‌రూట్, కాలీఫ్లవర్, క్యాప్సికం. వచ్చింది మే నెలలో. మన దగ్గర క్యారెట్, కాలీఫ్లవర్ అక్టోబరు దాటాక మాట్లాడుకోవాల్సిన పంటలు. బ్యాగులు రెండో ఎండాకాలానికి చేత్తో పట్టుకుంటే పొడుం. కిట్టుకి లెక్క ఉంటుంది, పంచినప్పుడు ఫోటో ఉంటుంది, ఖర్చయినట్టు సర్టిఫికెట్టు ఉంటుంది. పైపులో నీళ్లు వస్తున్నట్టు ఎవరికి ఫోటో తీసి పంపాలి? అదే డబ్బు పెట్టి మృగశిరకి వంగ, మిరప నారు, దసరా వెళ్లాక టమాటా నారు మంచివి ఇస్తే మేలు. వానాకాలం టమాటా మాత్రం ఇక్కడ వేయొద్దు. మురుగు నిలిచిన మడిలో ఎండుతెగులు వస్తే పచ్చగా ఉన్న మొక్క సాయంత్రానికి వాలిపోతుంది, ఆ నేలలో మళ్లీ వంగ జాతి వేయడానికి లేదు.

ఈ తీరంలో అక్టోబరు అంటే తుఫాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ పలాస వైపు కొబ్బరి, జీడి తోటల్ని ఎలా పడుకోబెట్టిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. కాబట్టి తోటకొక పద్ధతి రాసి గేటు దగ్గర పెట్టాం. హెచ్చరిక రాగానే కోయగలిగిన కాయలన్నీ కోసేయాలి. పందిరి పుల్లలు విప్పి కట్టకట్టి హాల్లో పెట్టాలి, గాలికి లేచిన గోగుపుల్ల మనిషికి గుచ్చుకుంటుంది. ట్యాంకు నిండా నీళ్లు పట్టాలి. నిండిన ట్యాంకు ఎగరదు, కరెంటు పోయాక కాలనీకి అవే అక్కరకొస్తాయి. తోటకూర, మెంతి విత్తనాలు సీసాలో విడిగా దాచాలి. గాలి తగ్గిన మూడు నాలుగు వారాలకు ఆకుకూర చేతికొస్తుంది, అప్పటికి మార్కెట్లో రేట్లు ఇంకా ఆకాశంలోనే ఉంటాయి.

తోటకు కాలనీలో పేరొచ్చింది మాత్రం చిక్కుడు వల్ల. పందిరి చిక్కుడు పొద్దు తగ్గితే గాని పూయదు. శ్రావణంలో వేస్తే కార్తీకంలో పూత, సంక్రాంతికి విరగకాపు. ఆ వెనకే రథసప్తమి. అరసవల్లి పక్కనున్న ఊరు మాది, ఆ రోజు చిక్కుడాకు లేని ఇల్లు ఉండదు. చిక్కుడుకాయలతో రథం కట్టాలి, పరమాన్నం చిక్కుడాకులో నైవేద్యం పెట్టాలి. అప్పటిదాకా తోటను "వాళ్లది" అన్న ఎదురు వరుస ఇళ్లవాళ్లు కూడా ముందురోజు సాయంత్రం ఆకుల కోసం వచ్చారు. అడిగినవాళ్లందరికీ ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. తర్వాత రెన్యువల్ అర్జీ మీద సంతకాలు అడిగితే ముందుగా పెట్టింది ఆ వరుసవాళ్లే.

పెద్ద నగరాల అనుభవం కూడా కొంత చూశాను. న్యూయార్క్ నగరం 1978లో గ్రీన్‌థంబ్ అనే కార్యక్రమం పెట్టి ఖాళీ స్థలాల్లో తోటలు వేసుకునేవాళ్లకు అండగా నిలిచింది. అదే నగరం 1999లో 114 తోటల్ని వేలానికి పెట్టింది. దాతలూ ట్రస్టులూ కలిసి కొని కాపాడారు. ఇరవై ఏళ్ల తోటకైనా కాగితం గట్టిగా లేకపోతే అంతే. కాలిఫోర్నియా 2013లో చట్టం చేసింది: పట్టణంలో ఖాళీ స్థలం ఉన్న యజమాని దాన్ని కనీసం అయిదేళ్లు సాగుకు ఇస్తానని ఒప్పందం రాస్తే ఆస్తి పన్ను తగ్గుతుంది. ఇది మనకు బాగా అతుకుతుంది. మన పురపాలికల్లో ఖాళీ స్థలం పన్ను ఎలాగూ ఉంది, యజమానులు దాన్ని తిట్టుకుంటూనే ఉన్నారు. తుమ్మ పెరిగిన ప్రైవేటు ప్లాటు అయిదేళ్లకు కాలనీకి అప్పగిస్తే పన్నులో కొంత మినహాయిస్తే ఎవరికీ నష్టం లేదు.

ఇంకో నాలుగు పనులు పైసా బడ్జెట్ లేకుండానే జరుగుతాయి. వార్డుల వారీగా లేఅవుట్ ఖాళీ స్థలాల జాబితా సచివాలయం గోడ మీద అంటించడం. నిర్వహణ ఒప్పందం పదకొండు నెలలకు బదులు అయిదేళ్లకు రాసి, రిజిస్ట్రేషన్ బాధ్యత కూడా చూసుకోవడం. కుళాయి కనెక్షన్ల వరుసలో కమ్యూనిటీ తోట అని ఒకటి చేర్చడం. కంపోస్టు లోడుతో పాటు టెస్ట్ రిపోర్టు జెరాక్సు ఇవ్వడం. నలుగురు అధికారుల చుట్టూ కాకుండా ఒక్కరి దగ్గరే ఈ ఫైలు ఉంటే అదే పెద్ద సాయం. సాంకేతిక సలహాకు ఊళ్లో కొదవ లేదు, ఆమదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రం, నైరలో వ్యవసాయ కళాశాల దగ్గర్లోనే ఉన్నాయి.

మా తోట చూసి వెళ్లిన ఇంకో కాలనీ ఆడవాళ్లు ఈ ఏడు అడిగారు. వాళ్ల స్థలం పన్నెండు సెంట్లు, ఎండ బాగా పడుతుంది, పక్కన హాలు లేదు. మట్టి ఎక్కడ దొరుకుతుంది, విత్తనాలు ఎవరిస్తారు అని మొదలుపెట్టారు. నీళ్లు ఏ కనెక్షన్ నుంచి వస్తాయో రాయించుకునేదాకా ఒక్క ట్రాక్టరు మట్టి కూడా దింపొద్దని చెప్పాను. ఈలోగా పెళ్లలు ఏరి, చుట్టూ దడి కట్టి, మృగశిర వానకు స్థలమంతా జనుము చల్లుకుంటామన్నారు.